ఎడమవైపు సీటు

రంగస్వామికి పచ్చకామెర్లని డాక్టరు తేల్చిచెప్పిన శుక్రవారం పొద్దున ఉరుకుందప్ప మైదుకూరు మార్కెట్ యార్డులో ఒక పాత జిప్సీ కింద వెల్లకిలా పడుకొని ఉన్నాడు. మేనేజరైన మనిషి కారు కింద దూరాల్సిన పని లేదు. మెకానిక్ శేషన్న ఆ మాట ఎన్నిసార్లో అన్నాడు. అయినా ఇంజను కింద రాళ్ళు తగలకుండా బిగించే ఇనప రేకును ప్రతి బోల్టు దగ్గరా తన చేత్తో తడిమి చూసుకుంటే తప్ప అతనికి తృప్తి ఉండదు. ఇరవై ఏళ్ళు కార్లు తోలిన చేతులవి. తోలడం ఆగిపోయి పదేళ్ళయినా ఆ అలవాటు మాత్రం పోలేదు.

కారు పక్కన తెల్లచెప్పులు ఆగాయి. ఉరుకుందప్ప వీపు మీదనే జరుక్కుంటూ బయటికి వచ్చి, చొక్కాకు అంటుకున్న పసుపుపొడి దులుపుకుంటూ లేచి నిలబడ్డాడు. యార్డు నిండా పసుపు కొమ్ముల బస్తాలే. కార్ల పోటీ జరిపే ర్యాలీ వాళ్ళు రెండు షెడ్లు అద్దెకు తీసుకొని కార్లకు చోటిచ్చారు.

చెప్పుల మనిషి లక్ష్మీనరసయ్య శెట్టి. కడపలో టైర్ల కొట్టుతో మొదలుపెట్టి మూడు షోరూములకు ఎదిగినవాడు. కొడుకు ప్రదీప్‌కుమార్‌కు కార్ల పిచ్చి పట్టుకుంటే, బయట ఎవరి కిందనో తోలడమెందుకని తానే ఒక టీమ్ పెట్టాడు. ఒక్క కారుతో టీమ్ అంటే బాగుండదని రెండో కారు కూడా చేర్చుకున్నాడు. రెండో కారు తోలేది నాగజ్యోతి. జిప్సీ ఆమె మేనమామది. టైర్లూ పెట్రోలూ శెట్టివి. ఏడాది తిరిగేసరికి పాయింట్లలో ఆ రెండో కారు మొదటి కారు కంటే ముందుంది. ఏడాది కప్పు తేలడానికి ఇంకొక్క ర్యాలీ మిగిలింది. ఆదివారం జరగబోయేది అదే.

"ఉరుకుందప్పా, హెన్రీని అబ్బాయి కార్లో కూచోబెట్టు," అన్నాడు శెట్టి. టీ తాగుదామా అన్నంత మెల్లగా అన్నాడు.

ఉరుకుందప్పకు వెంటనే అర్థమైంది. ర్యాలీలో కార్లన్నీ ఒక్కసారిగా పరుగెత్తవు. ఒకదాని వెనక ఒకటి వదులుతారు, గడియారంతోనే పోటీ. కుడివైపు కూర్చున్నవాడు తోలుతాడు. ఎడమవైపు కూర్చున్నవాడు రాబోయే మలుపులన్నీ ముందే రాసుకున్న నోట్సులోంచి చదివి చెబుతుంటాడు. ఆ చదివేవాడు లేకపోతే కారును స్టార్టు గీత దగ్గరికే రానివ్వరు. ప్రదీప్‌కుమార్‌కు చదివే రంగస్వామి మంచం పట్టాడు. నాగజ్యోతికి చదివేవాడు హెన్రీ.

"హెన్రీ జ్యోతి కార్లో ఉండాడు గదా శెట్టిగారూ. ఇద్దరూ దారంతా తిరిగి నోట్సు రాసుకున్నారు."

"అందుకే అడుగుతాండేది. దారి తెలిసినోడు వాడొక్కడే గదా."

"మరి ఆ పిల్ల?"

"చిన్నపిల్ల. వచ్చే ఏడు చూద్దాం." శెట్టి జేబులోంచి వక్కపొడి డబ్బా తీసి కొంచెం నోట్లో వేసుకున్నాడు. "ఒక మాట. మన టీమ్ పేరు పక్కన బండి రాలేదని రాస్తే బాగుండదు. పేపరోళ్ళు చూస్తారు. ఆ పిల్ల పేరు టీమ్‌లో నుంచి తీసేయి. ఈ పొద్దే పోయి చెప్పేసి రా."

శెట్టి చెడ్డవాడు కాదు. నిరుడు ఉరుకుందప్ప భార్యకు గర్భసంచి ఆపరేషనైతే కారిచ్చి కర్నూలు పంపించాడు. గట్టిగా అరిచే మనిషైతే ఎదురు అరవచ్చు.

వచ్చే ఏడు చూద్దాం. ఈ మాట అతను చిక్కమగళూరులో ఒక కాఫీతోట ఆసామి నోట విన్నాడు. హైదరాబాదులో ఒక బిల్డరు నోట విన్నాడు. బెంగుళూరులో అయితే ఒకే మనిషి నోట మూడు ఏళ్ళు వరసగా విన్నాడు. ఎమ్మిగనూరు నుంచి పోయి ఊరూరా పెద్దవాళ్ళ కార్లు తోలాడు. ప్రతిచోటా మంచి కారు ఆ ఇంటి పిల్లవాడికే పోయేది. మిగిలింది తనకు. ఒక్కసారి నాలుగో స్థానం వచ్చింది, అదీ గేరుబాక్సు సగం పోయిన బండితో. మంచి కారు దొరికుంటేనా అని అతను అనుకోని రోజు లేదు. ఆ మాట ఎంతమందికి చెప్పాడో కూడా లెక్కలేదు. వినీ వినీ శేషన్న కూడా అదే మాట అంటుంటాడు.

యార్డు చివర చింతచెట్టు కింద నాగజ్యోతి టిఫిన్‌డబ్బా ఒళ్ళో పెట్టుకొని చిత్రాన్నం తింటోంది. ఇరవైనాలుగేళ్ళ పిల్ల. మైదుకూరుకు దగ్గరలోనే ఊరు. నాన్న పొలంలో ట్రాక్టరు తోలడంతో మొదలుపెట్టి, ఉల్లిగడ్డల మినీలారీ తాడేపల్లిగూడెం దాకా తోలుకుపోయిన పిల్ల. ఉరుకుందప్ప చెప్పాల్సింది చెప్పాడు. ఆమె ముద్ద మింగి, డబ్బా మూతపెట్టింది. కళ్ళల్లో నీళ్ళు రాలేదు.

"హెన్రీ అన్న ఒప్పుకున్నాడా సార్?" అంది.

హెన్రీ దూరంగా బస్తాల పక్కన నిలబడి ఉన్నాడు. షోరూములో ఉద్యోగం చేస్తున్న మనిషి. ఒప్పుకోక ఏం చేస్తాడు? కాసేపటికి తనే వచ్చి, చేతిలోని నోట్సు పుస్తకం ఆమె పక్కన పెట్టాడు. తాను జిరాక్సు తీసుకున్నానని, అసలుది ఆమె దగ్గరే ఉండాలని చెప్పి, ముఖం చూడకుండా వెళ్ళిపోయాడు.

"కోయంబత్తూరు కంపెనీవాళ్ళు వస్తారంటిరి గదా సార్, సూడ్డానికి," అంది నాగజ్యోతి. అది ప్రశ్న కాదు. ఒక పెద్ద కంపెనీ టీమ్‌లో వచ్చే ఏడాదికి ఒక సీటు ఖాళీ ఉంది. దానికోసమే వాళ్ళ మేనేజరు వస్తున్నాడు. ఆ కబురు తెచ్చిందీ, పిల్లకు ఆశ పెట్టిందీ తనే.

ర్యాలీ ఆఫీసు రోడ్డు మీది కల్యాణమండపంలో పెట్టారు. వధూవరుల వేదిక మీద కంప్యూటర్లు, వెనక ప్లాస్టిక్ పూల తోరణాలు. ఉరుకుందప్ప వరుసలో నిలబడ్డాడు. తన వంతు వచ్చాక రెండో కారు పేరు టీమ్‌లోంచి తీసేయమన్నాడు. కంప్యూటరు ముందున్న అమ్మాయి, పేరు మాత్రం తీయాలా, కారు కూడా ర్యాలీ నుంచి తప్పుకుంటుందా అని అడిగింది.

శెట్టి ఆ సంగతి చెప్పలేదు. చెప్పాల్సినంత సంగతని అతనికి తోచి ఉండదు. ఉరుకుందప్ప బల్ల అంచు పట్టుకొని నిలబడ్డాడు. వెనకవాళ్ళు దగ్గుతున్నారు.

"టీమ్ పేరు మాత్రం తీసేయండమ్మా. కారు ఉంటాది. సొంతంగా పోతాది," అన్నాడు.

పక్కన కూర్చునేది ఎవరని ఆ అమ్మాయి అడిగింది. ఉరుకుందప్ప జేబులోంచి పర్సు తీశాడు. అందులో, డ్రైవింగ్ లైసెన్సు వెనక, పోటీ లైసెన్సు ఉంది. పదేళ్ళుగా ఏ కారూ తోలకపోయినా ఏటేటా దాన్ని కొత్తది చేయించుకుంటూనే ఉన్నాడు. భార్యకు కూడా తెలియదు. తెలిస్తే నవ్వుతుందని కాదు, ఎందుకని అడుగుతుంది. కార్డు తీసి బల్ల మీద పెట్టేటప్పుడు చెవులు వేడెక్కాయి.

ఆ అమ్మాయి పేరు కొట్టుకుంటూ, "ఉరుకుందప్ప... ఇంతకుముందు తోలినారా సార్?" అంది.

"తోలినాను," అన్నాడు.

శనివారం పొద్దున్నించీ ఇద్దరూ నిలబెట్టిన కారులోనే కూర్చున్నారు. నాగజ్యోతి కళ్ళు మూసుకొని స్టీరింగు మీద చేతులు పెట్టుకుంటే, అతను కళ్ళద్దాలు పెట్టుకొని హెన్రీ చేతిరాత చదివాడు. రైట్ నాలుగు, వంద మీటర్లు, లెఫ్ట్ మూడు, ఇరుకు. మలుపు అంకె తగ్గేకొద్దీ బిగువు ఎక్కువ. ఆమె చేతులు గాల్లోనే తిరుగుతున్నాయి. ఉరుకుందప్పకు చదవడం కష్టం కాలేదు. చదివి ఊరుకోవడమే చేతకాలేదు. ప్రతి మలుపుకూ ఏదో ఒకటి కలిపేవాడు. ఇక్కడ ముందే బ్రేకు పట్టు, ఇక్కడ ఎడమకు ఒరుగు.

"సార్, అది నేను రాయించింది కాదు. నోట్సులో ఉండేదే చదవండి," అంది కళ్ళు తెరవకుండానే.

చదువుతుండగా కె.సి. కాలువ గట్టు మీది దారి వచ్చింది. ఒక చోట తూము కోసం గట్టు ఒక్కసారిగా పైకి లేచి దిగుతుంది. అవతల ఏముందో పైకి ఎక్కేదాకా కనపడదు. నోట్సులో ఆ చోట ఫుల్ అని, అంటే యాక్సిలరేటరు మీది నుంచి కాలు తీయకుండా పొమ్మని, రాసి ఉంది.

"ఈడ కొంచెం కాలు తీయల్ల," అన్నాడు.

"తీయను సార్."

"అవతల ఏముండాదో కనపడదు."

"ఏముండాదో రాసుకున్నాం గదా. మీరు చెప్తారు గదా."

అతను పేజీ తిప్పాడు. లోపల మాత్రం, వయసులో అందరూ ఇట్లే అంటారులే అనుకున్నాడు.

సాయంత్రానికి శెట్టికి తెలిసింది. కోప్పడతాడేమో అనుకుంటే నవ్వాడు. ఈ వయసులో ఇదేం సరదా అన్నాడు. కారుకున్న టైర్లు కారుకే ఉండనిమ్మన్నాడు, సోమవారం మళ్ళీ మేనేజరు పనిలోకి రమ్మన్నాడు. ప్రదీప్‌కుమార్ మాత్రం ఆ పక్కకే రాలేదు. అతని కారు కొత్త ఇంజనుతో షెడ్డంతా అదిరేట్టు మోగుతోంది.

ఆదివారం మబ్బు లేదు, గాలీ లేదు. మొదటి రెండు దారులు బండల గనుల వైపు. అక్కడ ఉరుకుందప్ప బాగానే చదివాడు. పాత హెల్మెట్ లోపల కళ్ళద్దాలు ముక్కును నొక్కుతున్నా, చెమట రెప్పల్లోకి జారుతున్నా, వేలు గీత మీది నుంచి తొలగలేదు. మూడో దారి కాలువగట్టు. నీళ్ళు ఆపేసిన కాలువలో అడుగున పచ్చటి బురద, ఇంకోపక్క ఉల్లిమళ్ళు, మధ్యలో ఒక్క బండి పట్టే ఎర్రమట్టి దారి. స్టార్టు దగ్గర నిలబడ్డ మనిషి వేళ్ళు ఒక్కొక్కటిగా ముడిచి చేయి దించాడు.

గట్టు మీద వేగం అతను అనుకున్న దానికంటే ఎక్కువ. జిప్సీ వెనక భాగం అటూ ఇటూ ఊగుతోంది. నాగజ్యోతి దాన్ని సరిచేయడం లేదు, ఊగనిస్తోంది. అతను చదువుతూ ఉన్నాడు. లెఫ్ట్ ఐదు. రెండు వందలు. తూము మీద ఫుల్. అన్నాడు, అన్న తరవాత తల ఎత్తాడు.

ఎత్తకూడదు. చదివేవాడు తల ఎత్తకూడదని అతనికి తెలుసు. కానీ ఇరవై ఏళ్ళపాటు ముందరి అద్దంలోంచి చూసిన కళ్ళు అవి. ఎదురుగా దారి లేదు. మట్టిగోడ లాంటి ఎత్తు, దాని పైన ఆకాశం, అంతే. ఉరుకుందప్ప కుడికాలు దానంతట అది లేచింది. అతని కాళ్ళ కింద పెడలేమీ లేదు, వట్టి రేకు. ఆ రేకు మీది నుంచి పాదం పైకి లేచి గాల్లో నిలిచింది. ఇంజను శబ్దం మాత్రం తగ్గలేదు. పక్కన ఆ పిల్ల కాలు తీయలేదు.

కారు నేల వదిలింది. తిరిగి నేల తాకేటప్పుడు అతని పళ్ళు టక్కుమన్నాయి. పుస్తకంలోకి చూస్తే గీత కనపడలేదు. వేలు ఎక్కడుందో తెలియలేదు. తరవాతి మలుపు ఏది? రైటా? లెఫ్టా?

"చదవండి సార్," అంది ఆమె. మళ్ళీ, "సార్."

మలుపు వచ్చేసింది. రైట్ రెండు. ఆమె కళ్ళతో చూసి తిప్పింది కానీ అప్పటికే ఆలస్యమైంది. జిప్సీ గట్టు దిగి ఉల్లిమడిలో కూరుకుపోయింది. చక్రాలు తిరిగాయి, తడిమట్టి అద్దం మీద పడింది. వెనక్కి, ముందుకి, మళ్ళీ వెనక్కి. మడిలో పనిచేస్తున్న ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చి వెనక నుంచి నెట్టారు. గట్టెక్కేసరికి పోయిన కాలం పోయింది.

"సార్, పేజీ తిప్పండి," అంది నాగజ్యోతి. గొంతులో విసుగు లేదు. ఉంటే బాగుండేది.

మధ్యాహ్నం యార్డుకు తిరిగి వచ్చాక ఉరుకుందప్ప కారు దిగి షెడ్డు వెనక గోడ దగ్గరికి పోయి నిలబడ్డాడు. బెంగుళూరు ఆసామి, హైదరాబాదు బిల్డరు, సగం పోయిన గేరుబాక్సు, అన్నీ వరసగా కళ్ళముందుకు వచ్చాయి. ఇటువంటి ఎత్తులు అతనికి ఎన్ని తగిలాయో. ప్రతి ఎత్తు దగ్గరా ఆ కాలు ఇట్లాగే లేచి ఉండాలి. మంచి కారైనా లేచేదే. ఇన్నేళ్ళు ఎవరెవరి మీదనో పళ్ళు కొరుక్కున్నాడు. వాళ్ళు చేసిన అన్యాయం అన్యాయమే, అందులో అబద్ధం లేదు. కానీ వాళ్ళు మంచి కారు ఇచ్చి ఉంటే? ఇచ్చి ఉంటే నాలుగుకు బదులు మూడు వచ్చేదేమో. అంతకుమించి ఏమీ లేదు. చిన్న రాయి ఒకటి తీసుకొని గోడకేసి కొట్టాడు. అది తగిలి పక్కకు పోయింది. మనసేమీ తేలికపడలేదు.

ఇటు వచ్చేసరికి శేషన్న జిప్సీ ముందుచక్రం విప్పుతున్నాడు. ఈ బండి మన టీమ్‌ది కాదుగదప్పా అన్నాడు ఉరుకుందప్ప. శేషన్న తల ఎత్తకుండా, ఇది తిండి యాళ, ఈ యాళలో నేనెవురి మనిషినీ కాదు అన్నాడు.

నాగజ్యోతి నీళ్ళసీసా అందించింది. కాలువగట్టు దారి మళ్ళీ ఒకసారి ఉంది.

"ఈసారి తల ఎత్తనమ్మా," అన్నాడు.

"సరే సార్."

ఎత్తలేదు. గడ్డం గుండెకు ఆనించి, పుస్తకం మోకాళ్ళ మీద బిగించి, ఒక్కొక్క గీతా చదువుకుంటూ పోయాడు. తూము దగ్గర ఫుల్ అన్నాడు. వెంటనే, కారు గాల్లో ఉండగానే, రైట్ రెండు, ఇరుకు అన్నాడు. నేల తగిలింది, అప్పటికే కారు కుడికి తిరుగుతోంది. కుడివైపు ఏం జరుగుతోందో చూడకుండానే అతనికి తెలుస్తోంది. బ్రేకు ఎంత తక్కువ పడుతోందో, స్టీరింగు ఎంత కొంచెం తిరుగుతోందో. మంచి పని మన చేతిలోది కాకపోయినా దాని పక్కన కూర్చోవడంలో ఒక సుఖముందని అతనికి యాభై ఏళ్ళు దాటాక తెలిసింది. ఆ సుఖం పూర్తిగా రుచించలేదు కూడా. మధ్యమధ్య మందుబిళ్ళలా గొంతులో తగులుతూనే ఉంది.

చివరికి ప్రదీప్‌కుమార్ గెలిచాడు. హెన్రీ ఒక్క తప్పు కూడా లేకుండా చదివాడు. నాగజ్యోతి ఆరో స్థానంలో వచ్చింది. ఉల్లిమడిలో పోయింది పోయినట్టే మిగిలింది. ఏడాది కప్పు కూడా ప్రదీప్‌కే పోయింది. పూలదండలు, ఫొటోలు, టపాకాయలు. శెట్టి కొడుకు భుజం మీద చెయ్యి వేసుకొని అందరికీ మిఠాయి పంచుతున్నాడు.

కోయంబత్తూరు నుంచి వచ్చిన కంపెనీ మనిషి ఆ సందడిలోకి పోలేదు. బోర్డు మీద అంటించిన సమయాల ముందు చేతులు వెనక్కి కట్టుకొని చాలాసేపు నిలబడ్డాడు. ఉరుకుందప్ప అతన్ని గుర్తుపట్టాడు. చిక్కమగళూరులో ఇద్దరూ ఒకే ర్యాలీలో తోలారు. ఆ మనిషికి గుర్తులేదు. తమిళం కలిసిన తెలుగులో, కాలువగట్టు రెండోసారి ఇంత తక్కువ కాలంలో పోయిన కారు ఎవరిదని అడిగాడు. ప్రదీప్‌ది దాని దరిదాపుల్లో కూడా లేదు. పొద్దున పోయిన కాలం సంగతి కూడా అడిగాడు.

"పొద్దున తప్పు నాది సార్. చదివేది నేను. దారి తప్పింది నావల్ల," అన్నాడు ఉరుకుందప్ప.

అప్పుడే శెట్టి మిఠాయి పొట్లంతో వచ్చాడు. సంగతి విన్నాడు. కోయంబత్తూరు మనిషి ఆమెకు మీతో ఒప్పందం ఏదైనా ఉందా అని అడిగేసరికి, శెట్టి ముఖం వెలిగింది.

"మా టీమ్ పిల్లే సార్. మేమే తయారు చేసినాం. ఏదున్నా మాతో మాట్లాడండి. ఇంకో రెండేళ్ళు మాతోనే ఉంటాది."

ఉరుకుందప్ప చేతులు తుడుచుకున్నాడు.

"లేదు శెట్టిగారూ," అన్నాడు. "శుక్రవారం మీరే తీసేయమంటిరి గదా. తీసేసినాను. ఆ పిల్లకు మన టీమ్‌కూ ఏం సంబంధం ల్యా. సొంతంగా తోలింది."

శెట్టి అతని వైపు చూశాడు. చుట్టుపక్కల మనుషులున్నారు. కాసేపు మిఠాయి పొట్లం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. తరవాత కోయంబత్తూరు మనిషికి ఒక మైసూరుపాకు ఇచ్చి, ఉరుకుందప్ప వైపు తిరిగి, ఎప్పటిలాగే మెల్లగా, "టీమ్ వ్యాను తాళాలు శేషన్నకిచ్చి పో," అన్నాడు.

ఎండ వాలేసరికి కోయంబత్తూరు మనిషితో మాటలు అయిపోయాయి. నెలాఖరుకు కోయంబత్తూరు వచ్చి కారు తోలి చూపించమన్నారట. నాగజ్యోతి పరుగులాంటి నడకతో వచ్చింది. ఉరుకుందప్ప అప్పటికి సంచి సర్దుకొని, ఊరికి పోవడానికి రోడ్డు మీద కర్నూలు బస్సు కోసం నిలబడి ఉన్నాడు. ఆమె ఆయాసపడుతూ అంతా చెప్పింది. చెప్పి, కొంచెం ఆగి, మీరు కూడా రండి అంది. చదవడానికి తనతోపాటు ఎవరినైనా తెచ్చుకోవచ్చన్నారట.

"హెన్రీనడుగు. రాకపోతే ఆడ వాళ్ళకే మంచోళ్ళుంటారు," అన్నాడు.

"మీరు పొద్దున ఒక్కసారే గదా సార్ తప్పింది. మధ్యాహ్నం ఎంత బాగా చదివినారు. అసలు మీకి మంచి కారు దొరికింటే, ఆ తూము కాడ మీరూ ఇట్లనే పోయింటారు గదా. శేషన్న అంటానే ఉంటాడు."

ఆమె ఓదార్పుకు అన్న మాట కాదు. నమ్మే అంటోంది. అవును అంటే సరిపోతుంది. ఇన్నేళ్ళూ అన్నదే.

"ల్యామ్మా," అన్నాడు ఉరుకుందప్ప. "నేనైతే కాలు తీసింటి."

నాగజ్యోతి నవ్వబోయింది. అతని ముఖం చూసి ఆగిపోయింది. రోడ్డు వైపు చూసింది. బస్సు వస్తోంది. అతను చెయ్యెత్తాడు.

లోపల సగం సీట్లు ఖాళీ. ఎప్పుడు బస్సెక్కినా డ్రైవరు వెనక సీటు కోసం వెతుక్కొని, దారంతా అతని చేతులూ కాళ్ళూ గమనిస్తూ, ఇక్కడ గేరు మార్చలేదే, ఇక్కడ బ్రేకు ఎందుకు పట్టాడని సణుక్కునే మనిషి ఉరుకుందప్ప. ఆ సీటు ఖాళీగానే ఉంది. దాన్ని దాటుకొని వెనక్కి పోయి, కిటికీ పక్కన కూర్చొని, సంచి ఒళ్ళో పెట్టుకున్నాడు. దువ్వూరు రాకముందే నిద్రపోయాడు.